సముద్రం ఒడ్డు కోటలో స్థానిక చరిత్ర మ్యూజియం: ముందు గోడలా, ముందు అల్మరాలా?

భీమిలి_రేవు
భీమిలి వైపు, అలల చప్పుడు వినపడేంత దగ్గర్లో ఉన్న ఒక పాత కోట తరహా కట్టడంలో స్థానిక చరిత్ర మ్యూజియం పెట్టాలని ఊళ్లో కొందరు పూనుకున్నారు. అనుమతులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయను. కింద రెండు గదులు, పైన పొడవాటి హాలు, చుట్టూ వరండా. గోడల మందం 60 సెంటీమీటర్లు, ఇటుకా సున్నమూ. కొన్నేళ్ల కిందట ఎవరో లోపలా బయటా సిమెంటు పూయించారు. కింద గదుల్లో నడుమెత్తు దాకా అది బొబ్బలెక్కి పెచ్చులుగా రాలుతోంది. తడిమితే చేతికి తెల్లటి పొడి అంటుతుంది. వాకిట్లో ఒక ఇనుప ఫిరంగి, వెనక సగం అడుగువైపు సిమెంటు దిమ్మలో కూరుకుపోయి ఉంది. దాని నల్ల రంగు పొరలు పొరలుగా లేస్తోంది.

ఉన్న డబ్బులో ఎక్కువ భాగం గాజు అల్మరాలకీ రెండు ఏసీలకీ పెట్టి, గోడలకి వాటర్‌ప్రూఫ్ రంగు కొట్టించేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత? కారణాలతో సహా చెప్పండి, కమిటీ ముందు పెట్టాలి.

గానుగ_సున్నం
ఆ రంగు డబ్బా మూత తియ్యనివ్వకండి. మిగతాదంతా తర్వాత.

తెల్లటి పొడి అంటే ఉప్పు. నేలలోంచి నెమ్ము గోడలోకి ఎక్కుతుంది, తనతో ఉప్పుని తెస్తుంది. సముద్రపు గాలి బయట నుంచి ఇంకాస్త చేరుస్తుంది. సున్నపు గార అయితే ఆ నీరు పైకి వచ్చి ఆరిపోతుంది, ఉప్పు పూత మీదే పొడిగా తేలుతుంది, చీపురుతో దులిపేస్తే సరి. సిమెంటు నీటిని బయటికి వదలదు. దాంతో ఉప్పు పూత వెనక, ఇటుక ముఖం మీద గడ్డకడుతుంది. గడ్డకట్టినప్పుడు పెరిగి ఇటుకనే పొడి చేస్తుంది. మీ దగ్గర ఊడుతున్న పెచ్చు ఒకటి తిప్పి చూడండి, వెనకవైపు ఎర్రటి ఇటుక పొర అంటుకుని వస్తుంది. అంటే పోతున్నది పూత ఒక్కటే కాదు, గోడ కూడా.

వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. నడుమెత్తు నెమ్ము భుజమెత్తు అవుతుంది.

ఎండాడ_ఇంజనీరు
పైదానికి ఒక అంకె జోడిస్తాను, ఏసీ సంగతి దాంతోనే తేలిపోతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్లు లాగి కరుగుతుంది, 75 కిందికి దిగితే మళ్లీ గడ్డకడుతుంది. మన విశాఖ తీరంలో తేమ ఏడాది పొడుగునా ఆ గీత చుట్టూనే తిరుగుతుంది. తెల్లవారుజామున పైన, మధ్యాహ్నం కింద. ఏసీ లేకపోయినా గోడకి ఈ బాధ ఉంది. పొద్దున 10కి ఏసీ వేసి సాయంత్రం 5కి కట్టేస్తే రోజూ ఖాయంగా ఒకసారి గడ్డకట్టించి ఒకసారి కరిగించినట్టే. పైగా ఏసీ గది లోపలి గాలిని ఆరబెడుతుంది కాబట్టి గోడలోని ఉప్పునీరంతా లోపలి ముఖం వైపే నడుస్తుంది, అంటే మీ అల్మరాల వైపు.

24 గంటలూ నడపగలిగితే సరే, లేకపోతే ఏసీ వద్దు. కరెంటు బిల్లు ఎవరు కడతారో ముందు తేల్చుకోండి.

పాత_ఊరు_వన్‌టౌన్
ఏసీ లేకుండా మే నెలలో మ్యూజియంలోకి ఎవరొస్తారండీ?

ఎండాడ_ఇంజనీరు
@పాత_ఊరు_వన్‌టౌన్ 60 సెంటీమీటర్ల గోడ, ఎత్తైన కప్పు, చుట్టూ వరండా. ఆ కట్టడం కట్టినవాళ్లు గాలిని లెక్కలోకి తీసుకునే కట్టారు. మూసేసిన కిటికీలు తెరిచి, కప్పు కింద ఉండే గాలిగూళ్లు బాగుచేసి, సీలింగ్ ఫ్యాన్లు పెడితే జనానికి చాలు. తేమ నియంత్రణ అల్మరా లోపల చేసుకోవాలి, గదిలో కాదు.

భీమిలి_రేవు
సిమెంటు తీసేయాలంటే ఎలా, ఎప్పుడు మొదలుపెట్టాలి? మేస్త్రి బ్రేకర్ మెషిన్ తెస్తానంటున్నాడు.

గానుగ_సున్నం
బ్రేకర్ వద్దు. ఆ అదురుకి పాత సున్నపు అతుకులు వదులైపోతాయి. ఉలి, సుత్తి, ఓపిక. ఉలి గోడకి నిలువుగా కొట్టకుండా పూతకీ ఇటుకకీ మధ్య ఏటవాలుగా పెట్టి లేపాలి. ఊడని చోట బలవంతం చెయ్యకండి, గట్టిగా పట్టుకున్న ముక్క ఇటుకని కూడా లాగేస్తుంది. నెమ్ము ఎంతవరకు ఎక్కిందో ఆ గీతకి ఇంకో అర మీటరు పైదాకా తీసేయాలి.

కాలం: సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరు మన దగ్గర తుపాన్ల నెలలు, అప్పుడు గోడ విప్పి కూర్చోకూడదు.

తీశాక వెంటనే కొత్త గార వెయ్యొద్దు. గోడ ఆరడానికి నెలకి ఒక అంగుళం అని మోటు లెక్క. మీది 24 అంగుళాలు, రెండు ముఖాలూ తెరిస్తే దరిదాపు ఏడాది. ఆలోగా పొడి కుంచెతో ఉప్పు దులుపుతూ ఉండండి. దులిపినది కింద పడనివ్వకుండా గుడ్డ పరిచి ఎత్తి బయట పారెయ్యాలి, లేకపోతే అదే ఉప్పు నేలలోంచి మళ్లీ గోడెక్కుతుంది. నీళ్లతో కడగొద్దు, కడిగితే ఉప్పు లోపలికి పోతుంది.

ఎండాడ_ఇంజనీరు
ఇక్కడ విభేదిస్తాను. ఏడాది తలుపులు మూసేస్తే ఇచ్చిన నిధులు మురిగిపోతాయి, ఊరి ఉత్సాహం కూడా చల్లారిపోతుంది. నెమ్ము నడుమెత్తు దాకానే అన్నారు, అదీ కింద గదుల్లోనే. పై హాలు పొడిగా ఉంటే దాన్ని ముందు తెరవండి, కింద గదులు ఆరుతూ ఉంటాయి.

రెండు షరతులు. ఒకటి, కప్పు. పాత కట్టడం కాబట్టి మద్రాసు టెర్రస్ అయ్యుంటుంది, టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, పైన సున్నం. దూలం కొన గోడలో దిగే చోటే పుచ్చుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సెంటీమీటరుకి మించి మెత్తగా దిగితే ఆ దూలం కింద ఎవరూ నిలబడకూడదు. రెండోది, పై హాలు నేల. జనం గుమిగూడే చోట చదరపు మీటరుకి 500 కిలోల బరువు లెక్క వేస్తారు. ఇంటి కోసమో గిడ్డంగి కోసమో వేసిన నేల ఎంత మోస్తుందో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించుకోండి. అల్మరాలు గోడ వారనే ఉండాలి, హాలు మధ్యలో వద్దు.

గానుగ_సున్నం
@ఎండాడ_ఇంజనీరు పై హాలు ముందు తెరవడం నాకూ సమ్మతమే. ఆ హాల్లోనూ సిమెంటు ఉందని మరవకండి. కప్పు కారితే అక్కడ ఉప్పు పైనుంచి దిగుతుంది.

తరంగంబాడి_దారి
ఇలాంటిది చూడాలంటే తమిళనాడు తరంగంబాడిలో డాన్స్‌బోర్గ్ కోట ఉంది. 1620లో డెన్మార్కు వాళ్లు తంజావూరు రఘునాథ నాయకుడి అనుమతితో కట్టారు, 1845లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు. ఇప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియం. సరిగ్గా అల ఒడ్డున ఉంటుంది. కింద అంతస్తు గిడ్డంగులకీ మందుగుండుకీ, పై అంతస్తు గవర్నరు వగైరాల నివాసానికి వాడేవారు. మీ కట్టడం అమరిక కూడా అలాగే ఉన్నట్టుంది. కింద గదులు ఎప్పుడూ సరుకు కోసమే, అపురూపమైన వస్తువుల కోసం కాదు. ఆ పద్ధతే పట్టుకోండి. కింద రాళ్లు, లంగర్లు, పడవ సామాను. పైన కాగితం, బట్ట, నాణేలు.

పాత_ఊరు_వన్‌టౌన్
భీమిలిలోనే ఎందుకు? విశాఖ కోట ఉన్నది వన్‌టౌన్‌లో. కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం, 1680ల నాటిది, కోట వీధి పేరు ఇప్పటికీ ఉంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకున్నాడు, మరుసటి ఏడు విజయనగరం ఆనంద గజపతి రాజు తిరిగి లాక్కుని ఇంగ్లీషు వాళ్లకి అప్పజెప్పాడు. 1780 అక్టోబరు 3న మద్రాసుకి ఓడెక్కమంటే సిపాయిలు తిరగబడ్డది ఇక్కడే. 1857కి 77 ఏళ్ల ముందు! ఇది ఊళ్లో ఎంతమందికి తెలుసు?

భీమిలి_రేవు
@పాత_ఊరు_వన్‌టౌన్ ఆ కథ తప్పకుండా ఉండాలి, కాదనను. వన్‌టౌన్‌లో పేరు మిగిలింది, ఇక్కడ గోడలు మిగిలాయి. డచ్చి వాళ్లు 17వ శతాబ్దం నుంచి ఉండి, ఇంగ్లండుతో చేసుకున్న 1824 ఒప్పందం తర్వాత ఇంగ్లీషు వాళ్లకి వదిలి వెళ్లిన రేవు ఇది. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. రెండు ఊళ్ల కథా ఒకే గోడ మీద చెప్పుకోవచ్చు.

తుప్పు_వైద్యం
ఫిరంగి దగ్గరికి రండి. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు, అత్యవసరం అదే.

ముందు ప్రాణభయం సంగతి. పాత ఫిరంగుల్లో కొన్ని మందూ గుండూ కూరి ఉన్నట్టే దొరికాయి. మీది ఖాళీదో కాదో తెలుసుకునే పద్ధతి ఇది: చెక్క కర్ర ఒకటి నోట్లోంచి ఆగేదాకా నెమ్మదిగా తోయండి, నోటి దగ్గర గుర్తు పెట్టుకుని బయటికి తీయండి. అదే కర్రని ఫిరంగి పైన పెట్టి, గుర్తుని నోటి అంచుకి ఆనించండి. కర్ర కొన వెనకాల నిప్పు పెట్టే చిల్లి దాకా వస్తే ఖాళీ. జానెడో మూరెడో ముందే ఆగిందా, లోపల ఏదో ఉంది. అది మట్టి కావచ్చు, గూడు కావచ్చు, గుండూ మందూ కావచ్చు. అక్కడితో ఆపి, పోలీసులకి చెప్పి బాంబు నిర్వీర్య దళాన్ని పిలిపించండి. డ్రిల్లు, వెల్డింగు, ఇనుప చువ్వతో కెలకడం, ఏదీ వద్దు.

జాలారిపేట_తెప్ప
ఓలమ్మో, పిల్లలు రోజూ దాని మీదెక్కి కూకుంటారు గదండీ అక్కడ!

తుప్పు_వైద్యం
@జాలారిపేట_తెప్ప అందుకే రేపే కొలవమంటున్నాను. కర్ర, సుద్దముక్క ఉంటే చాలు.

ఖాళీ అని తేలాక ఫిరంగి తన గురించి తనే చెబుతుంది. రంగు పొరల కింద చూడండి. కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు ఉంటే ఇంగ్లండు రాజుది. హృదయం ఆకారంలో గుర్తుంటే ఇంగ్లీషు కంపెనీది. వీ, ఓ, సీ అక్షరాలు పెనవేసుకుని ఉంటే డచ్చి కంపెనీది. ఇంగ్లీషు ఫిరంగికి నిప్పు చిల్లి దగ్గరో వెనక పట్టీ మీదో మూడు అంకెలు చెక్కి ఉంటాయి, అది బరువు. ఉదాహరణకి 22-1-14 అంటే 22 ను 112తో, 1 ని 28తో హెచ్చవేసి, 14 కలపాలి. మొత్తం 2506 పౌన్లు, అంటే సుమారు 1137 కిలోలు. క్రేన్ మాట్లాడే ముందే ఆ లెక్క చేసుకోవచ్చు. నోటి వ్యాసం 4.2 అంగుళాలుంటే తొమ్మిది పౌన్ల గుండుది, 5.8 అయితే ఇరవైనాలుగు పౌన్లది.

భీమిలి_రేవు
మరి తుప్పు? మళ్లీ నల్ల ఎనామెల్ వేస్తే చాలదా?

తుప్పు_వైద్యం
చాలదు. పోత ఇనుములో ఉప్పు ఇంకిపోయి ఉంటుంది. పైన రంగు వేస్తే అది కింద పనిచేస్తూనే ఉంటుంది. వానాకాలంలో రంగు పగిలిన చోట నారింజ రంగు చిన్న చిన్న చుక్కలు చెమటలా పోస్తాయి చూడండి. అవి ఎండి గుల్లబారిన బుడగల్లా మిగులుతాయి. అది కనిపించిందంటే లోపల ఉప్పులోని క్లోరైడు ఇంకా ఉన్నట్టే.

వరస ఇది. సిమెంటు దిమ్మ లోంచి ముందు విడిపించాలి. దిమ్మ చుట్టూ నీరు నిలిచి, కంటికి కనపడని చోటే ఎక్కువ తినేస్తుంది. రంగు తీయడానికి నిప్పు మంట వాడొద్దు, రంగు తీసే రసాయనం పూసి చెక్క గరిటెతో గీకండి. తర్వాత మునిసిపాలిటీ మంచినీళ్లతో కడగడం. బోరు నీళ్లు వద్దు, తీరంలో అవే ఉప్పు. కడిగిన నీటిని గాజు గొట్టంలో పట్టి, రెండు చుక్కల నత్రికామ్లం, రెండు చుక్కల సిల్వర్ నైట్రేటు వేస్తే పాలలా తెల్లబడినంత కాలం ఉప్పు వస్తున్నట్టు. తేటగా ఉండేదాకా కడుగుతూ పోవాలి.

వెంటనే పూర్తిగా ఆరబెట్టి, 5 నుంచి 10 శాతం టానిక్ ఆమ్లం కలిపిన నీళ్లు కుంచెతో రుద్ది రుద్ది పూయాలి. ఒక పూత ఆరాక ఇంకోటి, కనీసం మూడు. ఇనుము నీలి నలుపుకి తిరుగుతుంది. ఆ పైన మైక్రోక్రిస్టలైన్ మైనం, ఎండకి వెచ్చబడ్డ ఇనుము మీద అయితే బాగా ఇంకుతుంది. బయటే ఉంచాలంటే ఏటా రెండుసార్లు మైనం తప్పదు, వానలకి ముందొకసారి, తర్వాత ఒకసారి. అంత శ్రద్ధ తీసుకునే మనిషి లేకపోతే వరండా కప్పు కిందికి చేర్చండి.

నిలబెట్టే తీరు కూడా చెబుతాను. రెండు దిమ్మెల మీద, నేలకి కనీసం ఒక అడుగు ఎత్తున, నోరు కాస్త కిందికి వంగేట్టు. లోపల పడ్డ నీరు తనంతట తనే కారిపోవాలి. నోటికి చెక్క బిరడా పెడితే దానికి కిందవైపు చిన్న చిల్లి ఉండాలి. ఇనుముకీ దిమ్మెకీ మధ్య రబ్బరు కాదు, సీసపు రేకో మందపాటి పాలిథీనో.

ఎండాడ_ఇంజనీరు
రంగు సంగతిలో తుప్పు_వైద్యంతో పూర్తిగా ఏకీభవించలేను. ఉప్పు పోయిందని పరీక్షలో తేలాక, బయట ఉండే ఫిరంగికి జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ, పైన పాలీయూరిథేను వేస్తే కొన్నేళ్లు నిలుస్తుంది. మైనం పని మనిషి మీద ఆధారపడుతుంది. మన దగ్గర ఏడాదికి రెండుసార్లు అన్న పని మూడో ఏటికి మరచిపోతారు.

తుప్పు_వైద్యం
@ఎండాడ_ఇంజనీరు నిలుస్తుంది, కాదనను. ఎపాక్సీ కింద ఒక్క చోట గీత పడిందంటే తుప్పు లోలోపల పాకుతుంది, తీయాలంటే నానా అవస్థ. మైనమైతే ఎక్కడ పోయిందో కంటికి కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడండి, 2002 నుంచి జనానికి తెరిచి ఉంది. అంత పెద్ద ఉక్కు ఒంటిని సముద్రం పక్కన నిలపాలంటే రంగు పని ఎప్పటికీ ఆగదు. ఏ దారి పట్టినా నెలనెలా చూసే మనిషి ఉండాలి.

గానుగ_సున్నం
గార గురించి అడుగుతారని ముందే రాస్తున్నాను.

సున్నం పాకెట్టు పొడి కాదు, రాతి సున్నం గానీ గుల్ల సున్నం గానీ తెచ్చి నీళ్లలో చల్లార్చి, పైన ఎప్పుడూ నీరు నిలిచేట్టు తొట్టిలో మాగబెట్టాలి. ఎంత మాగితే అంత వెన్నలా ఉంటుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన నది ఇసుక. సముద్రపు ఇసుక చేరిందా, మొత్తం పని వృథా. నెమ్ము ఎక్కే కింది భాగానికి ఇసుకలో కొంత తగ్గించి సుర్ఖీ కలపండి, బాగా కాలిన పెంకుల పొడి కాదు, తక్కువ కాలిన ఇటుకల పొడి. సున్నంతో అదే పట్టుకుంటుంది. గానుగలో నూరితే మంచిది, లేకపోతే రోలర్ మిక్సరు.

కరక్కాయ, బెల్లం నీళ్లు పనికొస్తాయి, పులియబెట్టి కలిపితే గార జిగటగా అంటుకుంటుంది. మోతాదు మించితే మాత్రం గట్టిపడదు. అందుకే గోడ మీద కనపడని చోట మీటరు చదరాలు మూడు తీసుకుని మూడు మోతాదులతో వేసి, నాలుగు వారాల తర్వాత గోటితో గీకి చూసి ఎంచుకోండి.

పూత ఒక్కోటి 10 మిల్లీమీటర్లకి మించొద్దు. సముద్రపు గాలి తగిలితే పైపొర ముందు ఆరి జుట్టు పగుళ్లు వస్తాయి. తడి గోనె పట్టాలు వేలాడదీసి, పది రోజులు నీడలో ఉంచండి. చివర సున్నపు నీళ్లు, పాలకంటే పల్చగా, నాలుగైదు పూతలు. మందంగా ఒక్కటే కొట్టేస్తే పొట్టులా లేస్తుంది.

జాలారిపేట_తెప్ప
బెల్లం అంటన్నారు, సీమలు పట్టవా బావూ గోడకి?

గానుగ_సున్నం
@జాలారిపేట_తెప్ప పట్టవు. సున్నం ఘాటుకి చీమ దగ్గరికి రాదు. బెల్లం డ్రమ్ముకి మాత్రం మూత పెట్టుకోండి, అక్కడ చీమలే కాదు కూలీల పిల్లలూ చేరతారు.

తాళపత్రం
అల్మరాల మాట ఎత్తారు కాబట్టి.

ప్లైవుడ్, ఎండీఎఫ్‌తో చేయించకండి. వాటి జిగురూ చెక్కా వదిలే ఆమ్లపు ఆవిరి మూసిన అల్మరాలో నిండిపోతుంది. సీసం తెల్లగా పూస్తుంది, గవ్వలూ శంఖాలూ పైన బూడిద పట్టి పొడి పొడి అవుతాయి. సముద్రతీర మ్యూజియంలో గవ్వల అల్మరా ఉండక మానదు, అందుకే చెబుతున్నాను. పౌడర్ కోటింగ్ చేసిన ఇనుము, గాజు వాడండి.

తేమకి సిలికా జెల్. లెక్క ఘనపు మీటరుకి 20 కిలోలు. మీటరు పొడవు, అర మీటరు లోతు, 60 సెంటీమీటర్ల ఎత్తు అల్మరా అంటే 0.3 ఘనపు మీటరు, 6 కిలోలు పడుతుంది. మందుల సీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు నాలుగు పడేస్తే ఏ ఉపయోగమూ లేదు. నీలం రంగుదాంట్లో కోబాల్టు ఉంటుంది, ఆరోగ్యానికి మంచిది కాదు, నారింజ రంగుది కొనండి. తేమ పీల్చి ఆకుపచ్చకి తిరిగితే 120 డిగ్రీల్లో ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. జెల్ ట్రే అల్మరా తలుపు తెరవకుండా కింద నుంచి లాగేట్టు చేయించండి. వందమందిలో తొంభైమంది ఇది మరిచిపోతారు. తర్వాత జెల్ మార్చాలంటే వస్తువులన్నీ కదపాలి.

రాగి నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది అంటురోగం లాంటిది, ఆ నాణేన్ని వేరుచేసి 40 శాతం లోపు తేమలో ఉంచాలి. చింతపండుతో తోమొద్దు.

తరంగంబాడి_దారి
వెలుతురు కూడా చెప్పండి. వరండా కిటికీల్లోంచి ఎండ నేరుగా పడుతుంది.

తాళపత్రం
కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మలకి 50 లక్స్. కళ్లకి మసకగా అనిపిస్తుంది, అలవాటవుతుంది. చెక్కకి, తైలవర్ణ చిత్రాలకి 200 దాకా ఫరవాలేదు. పాత పటాలూ ఉత్తరాలూ అసలువి పెట్టకుండా నకళ్లు పెట్టి, అసలు చీకట్లో దాచండి. తాటాకు గ్రంథాలకి నిమ్మగడ్డి నూనె పల్చగా రాసి, ఆరాక అక్షరాలు వెలిసిపోయిన చోట దీపపు మసి అద్ది తుడిస్తే గంటం గీతల్లో నలుపు నిలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వద్దు.

వలలు, బట్టలు, కొయ్య సామాను లోపలికి తెచ్చే ముందు పాలిథీన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచండి. పురుగూ గుడ్డూ రెండూ పోతాయి. చేపల కోల్డ్ స్టోరేజీ వాళ్లు మన ఊళ్లో కావలసినంత మంది, అడిగితే ఒక మూల ఇస్తారు. బయటికి తీశాక ఒక రోజంతా చుట్టు విప్పకూడదు, విప్పితే చల్లటి వస్తువు మీద నీరు పడుతుంది.

జాలారిపేట_తెప్ప
వలలూ తెప్పలూ పెడతామంటే సంతోషం. మ్యూజియం అనగానే దొరల కుర్చీలూ కత్తులే గుర్తొస్తాయి అందరికీ.

1933లో హార్బరు తెరిసేదాకా ఇక్కడ ఓడ ఒడ్డుకొచ్చేది కాదు. దూరంగా లంగరేసేది. సరుకూ మనుషులూ అలలు దాటి ఒడ్డుకి రావాలంటే మసూలా పడవే దిక్కు. దానికి మేకన్నది ఉండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు, కుట్టు కింద పీసు కూరతారు. అల కొట్టినప్పుడు పడవ ఒళ్లు సాగి మళ్లీ సర్దుకుంటాది, మేకుల పడవయితే పగిలిపోద్ది. కోట కట్టినోళ్లని కోట దాకా తెచ్చింది ఆ పడవలే. అది లేకుండా తీరం కథ ఎలాగ సెప్తారు?

తాళపత్రం
@జాలారిపేట_తెప్ప నూటికి నూరుపాళ్లు. పడవ దొరికితే తాళ్లతో వేలాడదీయకండి, కుట్లు తెగిపోతాయి. అడుగు వంపుకి సరిపోయే కొయ్య ఊతాలు మీటరుకి ఒకటి చొప్పున పెట్టాలి. వార్నీషు వద్దు. తెప్పని పూర్తిగా కట్టి చూపించే బదులు సగం విప్పి పెడితే కట్టు కట్టే పద్ధతి జనానికి అర్థమవుతుంది. కట్టు కట్టడం తెలిసిన పెద్దవాళ్ల చేత ఒకసారి కట్టించి వీడియో తీయించండి, ఒక్కో ముడి పేరు వాళ్ల నోటితోనే చెప్పించాలి. ఇది గోడ పని అయ్యేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే చేయొచ్చు.

పాత_ఊరు_వన్‌టౌన్
సముద్రం వైపు గోడకి నా దగ్గర ఒక కథ ఉంది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో విశాఖ రేవు మీదికొచ్చాడు. రేవులో సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక, రెండు వర్తక నౌకలు. వర్తక నౌకల్లో ఒకటి తీరానికి తగిలి పగిలింది, రెండోది ఫ్రెంచి వాళ్లకి చిక్కింది, సెంచూరియన్ మాత్రం చిక్కలేదు. తీరం మీది ఫిరంగులు కూడా కాల్చాయి. ఆ గోడకి ఎదురుగా 1942 ఏప్రిల్ 6 జపాన్ బాంబు దాడి పెట్టండి. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో బాంబు గుల్ల ఉంది, అదీ పాత డచ్చి బంగళానే, 1991లో తెరిచారు. అక్కడ ఉన్నది మళ్లీ ఇక్కడ పెట్టకుండా, అక్కడికి దారి చూపించే పటం పెడితే చాలు.

విశాఖ దంతపు పని కూడా మరవొద్దు. 18వ శతాబ్దంలో ఇక్కడి వడ్రంగులు దంతం పొదిగి చేసిన పెట్టెలూ కుర్చీలూ ఇంగ్లండు మ్యూజియాల్లో ఉన్నాయి.

రూల్_పుస్తకం
దంతం అన్నారు కాబట్టి ఆగండి. ఎంత పాతదైనా ఏనుగు దంతం 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. ఇచ్చేవాళ్ల దగ్గర యాజమాన్య ధ్రువపత్రం ఉందా, మీకు బదిలీ చేయడం కుదురుతుందా అని అటవీ శాఖని లిఖితపూర్వకంగా అడిగాకే ముట్టుకోండి. ఫొటోలు పెట్టుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

సిమెంటు దిమ్మ తవ్వినప్పుడు, పునాది చూసినప్పుడు నాణేలూ గుండ్లూ బయటపడితే జేబులో వేసుకోవడం కాదు. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలి. ఆ అంకె ఇప్పటికీ 10 రూపాయలే. వందేళ్లు దాటిన వస్తువు, 75 ఏళ్లు దాటిన రాతప్రతి 1972 పురావస్తువుల చట్టంలోకి వస్తాయి, కొన్ని రకాలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కట్టడమో పక్కదో కేంద్ర రక్షిత కట్టడమైతే 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపై 200 మీటర్లు అనుమతితో. మరుగుదొడ్లు కట్టాలన్నా తీర నియంత్రణ నిబంధనలు చూసుకోవాలి.

ఇంటివాళ్లు ఇచ్చే వస్తువులకి దానపత్రం రాయించుకోండి. 'చూపించడానికి ఇస్తున్నాం, తర్వాత చూద్దాం' అన్న మాటతో తీసుకుంటే పదేళ్లకి అన్నదమ్ముల తగువులో మ్యూజియం ఇరుక్కుంటుంది.

భీమిలి_రేవు
దానపత్రం సరే. వస్తువు మీద నంబరు ఎలా రాయాలి? స్టిక్కర్లు అంటిస్తున్నారు ఇప్పటికే.

తాళపత్రం
స్టిక్కరు జిగురు మరక మిగిల్చి తను రాలిపోతుంది. పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్‌ని అసిటోన్‌లో 20 శాతం కరిగించి, వెనకవైపు కనపడని చోట చిన్న గీతగా పూసి, ఆరాక సన్న కలంతో నంబరు రాసి, పైన ఇంకో పూత. కావాలంటే అసిటోన్‌తో తుడిచేయొచ్చు. బట్టలకీ వలలకీ ఇది కాదు, నూలు పట్టీ మీద రాసి కుట్టాలి. నంబరు ఇలా: ఏడాది, ఆ ఏడు ఎన్నో దానం, అందులో ఎన్నో వస్తువు. రిజిస్టరు ఒకటి చేత్తో రాసింది, ఇంకోటి కంప్యూటర్లో, నకలు వేరే ఊళ్లో.

ఎండాడ_ఇంజనీరు
తుపాను ప్రణాళిక ఎవరూ రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకి 180 కిలోమీటర్ల గాలితో మన మీదే తీరం దాటింది. సముద్రం వైపు కిటికీలకి చెక్క తలుపులే కాక, లోపలి నుంచి బిగించే అడ్డపలకలు ముందే కొలిచి కోయించి, ఏ కిటికీది ఏదో నంబరు వేసి ఉంచండి. కింద గదిలో ఏ వస్తువూ నేలకి అడుగున్నర లోపు ఉండకూడదు. నీళ్లు పట్టి తడిసిన కాగితానికీ బట్టకీ 48 గంటలే గడువు, ఆ తర్వాత బూజు. అంతలో ఆరబెట్టలేకపోతే చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, తీరిక చేసుకుని ఒక్కొక్కటే తీయొచ్చు. పైన చెప్పిన కోల్డ్ స్టోరేజీ వాళ్లతో మాట ముందే అనుకుని ఉంచుకోవాలి. తుపాను నాడు ఫోన్లు పనిచెయ్యవు.

భీమిలి_రేవు
కమిటీకి ఇలా రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి. ఈ వారం ఫిరంగి కొలత. తర్వాత కప్పు, దూలాలు, పై నేల బరువు నివేదిక. సంక్రాంతి దాటాక కింద గదుల్లో సిమెంటు విప్పడం. ఆరే ఏడాదిలో పై హాలు పటాలు, నకళ్లు, తెప్ప వీడియోలతో తెరవడం. అసలు వస్తువులు గోడ ఆరాకే. ఏసీల డబ్బు సున్నానికీ సిలికా జెల్‌కీ.

గానుగ_సున్నం
ఒక్కటి చేర్చండి. సిమెంటు విప్పే ముందు వాన నీటి సంగతి. కట్టడం చుట్టూ నేల గోడ వైపు వాలుగా ఉంటే, వరండా చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతుంటే, ఏడాది ఆరబెట్టినా ఒక్క వానకి మొదటికొస్తుంది. గోడ నుంచి బయటికి మీటరుకి 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. గోడ మొదట్లో గచ్చు పోస్తే నెమ్ము గోడలోకే తిరుగుతుంది, కంకర పరచండి. పూల మొక్కలూ లాన్ కూడా గోడకి ఆనించొద్దు, రోజూ నీళ్లు పోస్తారు.

పాత_ఊరు_వన్‌టౌన్
పేర్ల పలకలు తెలుగులో పైన, ఇంగ్లీషు కింద. ఇది కూడా కమిటీ కాగితంలో రాయండి. ఒక పలకలో 60, 70 మాటలు దాటొద్దు, అక్షరం కనీసం 24 పాయింట్లు, పదేళ్ల పిల్లకి అందే ఎత్తులో.

జాలారిపేట_తెప్ప
తెప్ప కట్టేవోళ్లని నేను మాట్లాడతాను. వేట లేని రోజుల్లో, ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా, అందరూ ఒడ్డునే ఉంటారు. అప్పుడు పెట్టుకోండి వీడియో.

భీమిలి_రేవు
ఫిరంగి కొలిచాం. కర్ర చిల్లి దాకా వెళ్లింది, ఖాళీయే. వెనక పట్టీ మీద రంగు కింద అంకెలు తగులుతున్నాయి, మొదటిది 1తో మొదలవుతోంది. గీకకుండా వదిలేశాం.

తుప్పు_వైద్యం
@భీమిలి_రేవు మంచి పని చేశారు. మొదటి అంకె 10 నుంచి 19 లోపు ఉంటే బరువు దరిదాపు అర టన్నుకీ టన్నుకీ మధ్య ఉంటుంది, 3 టన్నుల చైన్ పుల్లీ, ముక్కాలి స్టాండు చాలు, క్రేన్ అక్కర్లేదు. బెల్టు వేసేటప్పుడు పక్కలకి పొడుచుకొచ్చే రెండు చెవుల ముందొకటి, వెనకొకటి. నోటికి గానీ వెనక గుబ్బకి గానీ బరువు వేయకండి, పోత ఇనుము విరిగిపోతుంది. రంగు తీసే రోజు ముందుగా చెప్పండి, సిల్వర్ నైట్రేటు తెస్తాను.